పోస్టు పదిమందికి చేరాలంటే: రీల్సా, బూస్ట్ బటనా, యాడ్స్ మేనేజరా, ఊరి పేజీతో పొత్తా?

ఆవకాయ జాడీ ఫొటో పెట్టి రెండు రోజులైంది. లైకులు 41, అందులో సగం చుట్టాలవే. ఫొటో కింద నీలం రంగులో ‘బూస్ట్ పోస్ట్’ బటన్ ఊరిస్తోంది. ఇన్‌బాక్స్‌లో ఎవరో ‘పది వేల ఫాలోవర్లు గ్యారంటీ’ అంటున్నారు. ఇంట్లో పిల్లలేమో రీల్స్ చేయమంటున్నారు. చిన్న వ్యాపారం నడిపేవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే ఏది తోస్తే అది నొక్కేస్తారు.

పది వేల ఫాలోవర్ల బేరం తప్ప మిగతావేవీ చెడ్డ దారులు కావు. అయితే ఒక్కో దారి ఒక్కో రకం జనాన్ని తెస్తుంది. అందుకే బటన్ జోలికి వెళ్లే ముందు రెండు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. కొనేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు? పోస్టు చూశాక వాళ్లు చేయాల్సిన పని ఏమిటి: షాపుకి రావాలా, ఫోన్ చేయాలా, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టాలా? టిఫిన్ సెంటర్‌కి 3 కిలోమీటర్ల అవతల ఉన్న లక్ష వ్యూస్ ఎందుకూ కొరగావు. పోచంపల్లి చీరలు కొరియర్‌లో పంపే వాళ్లకు పక్కవీధి జనం చూసినా చూడకపోయినా ఒకటే. కింద చెప్పే పోలికంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఖర్చు లేని దారి: రీల్స్, షార్ట్స్

మనల్ని ఫాలో కాని వాళ్ల తెర మీదికి డబ్బు పెట్టకుండా చేరాలంటే నేటికీ చిన్న వీడియోనే దారి. మామూలు ఫొటో పోస్టు ఎక్కువగా ఫాలోవర్లలోనే తిరుగుతుంది. కొత్తవాళ్లకు వీడియోను చూపించాలా వద్దా అన్నది దేన్నిబట్టి తేలుతుందో ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో చెప్పారు: ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది దాన్ని ఇంకొకరికి పంపారు. కొత్తవాళ్లను చేరే విషయంలో ఈ మూడోదానికి, అంటే పంపడానికి, బరువు ఎక్కువ. కాబట్టి ‘మా షాపుకి రండి’ అనే వీడియో కంటే ‘బెల్లం ఆవకాయ బూజు పట్టకుండా జాడీ ఎలా ఆరబెట్టాలి’ అనే వీడియో ఎక్కువ దూరం పోతుంది. మొదటిదాన్ని ఎవరూ అక్కకి పంపరు, రెండోదాన్ని పంపుతారు.

కొలతలు: నిలువు వీడియో, 1080 బై 1920 పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ 3 నిమిషాల వీడియో కూడా పెట్టుకోవచ్చు గానీ వ్యాపార వీడియోకి 20 నుంచి 40 సెకన్లు చాలు. నమస్కారం, పేరు, షాపు బోర్డు చూపిస్తూ మొదలుపెడితే మొదటి 3 సెకన్లు వృథా అవుతాయి. కొంగు ముడి విప్పిన చీర, పగిలిన జాడీ, పెనం మీద చుయ్యిమంటున్న పెసరట్టు వంటి దృశ్యంతో నేరుగా మొదలవ్వాలి. పేరు చివర్లో చెప్పుకోవచ్చు.

తెర మీద రాసే తెలుగు అక్షరాల విషయంలో ఎక్కువమంది దెబ్బతింటారు. రీల్ కింద మూడో వంతు భాగాన్ని క్యాప్షన్, పేరు, బటన్లు కప్పేస్తాయి. పైన ఏడో వంతు దాకా కూడా ఖాళీ వదలాలి. ధర, ఫోన్ నంబరు మధ్యలో ఉండాలి. రెడీమేడ్ టెంప్లేట్లలో లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపడా మాత్రమే ఉంటుంది. తెలుగు పెట్టగానే పై లైను ఒత్తులు కింది లైను గుడులతో గుద్దుకుంటాయి, లేదా సగానికి తెగిపోతాయి. ఎడం పెంచండి, సన్న ఫాంట్ వదిలి మందపు ఫాంట్ వాడండి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడివిడిగా పడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ’ అని ఉన్నదాన్ని ఆన్ చేస్తే సర్దుకుంటాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ని క్యాప్షన్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పోస్టర్‌కి అది సరే, క్యాప్షన్‌కి మాత్రం యూనికోడ్‌లో, అంటే ఫోన్ కీబోర్డులో వచ్చే మామూలు తెలుగులో, మళ్లీ టైపు చేయాల్సిందే. అదే క్యాప్షన్‌లో సరుకు పేరు, ఊరి పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయడం మంచిది. వెతికేవాళ్లలో ‘గోంగూర’ అని తెలుగులో కొట్టేవాళ్లు తక్కువ.

షార్ట్స్‌కీ రీల్స్‌కీ తేడా ఏమిటంటే, రీల్ పరుగు ఎక్కువగా మొదటి కొన్ని రోజుల్లోనే అయిపోతుంది. షార్ట్‌ని యూట్యూబ్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు నెలల తర్వాత కూడా ఉంటారు. వంట, కుట్లు, పాఠాలు, వ్యవసాయ పరికరాల వంటి ‘ఎలా చేయాలి’ సరుకుకి షార్ట్స్ మేలు. బట్టలు, నగలు, తినుబండారాల వంటి ‘చూడగానే నచ్చాలి’ సరుకుకి రీల్స్ మేలు. షార్ట్స్ కామెంట్లలో, వివరణలో పెట్టిన లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కితే పనిచేయవు. కాబట్టి వాట్సాప్ నంబరు తెర మీదే పడాలి, నోటితో కూడా చెప్పాలి. ఇంకో సంగతి: 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, యూట్యూబ్ దాన్ని ఒక వ్యూగా లెక్కిస్తోంది. అంకె ఉబ్బినంత మాత్రాన జనం పెరిగారనుకోవద్దు.

ఒకే వీడియోని రెండుచోట్లా పెట్టుకోవచ్చు. అయితే ఒక యాప్ నుంచి దించుకున్న వీడియో మీద దాని ముద్ర ఉంటే ఇన్‌స్టాగ్రామ్ అలాంటి వాటిని కొత్తవాళ్లకు తక్కువగా చూపిస్తుందని 2021లోనే ప్రకటించింది. ఫోన్‌లో ఎడిట్ చేసిన అసలు ఫైలుని దాచుకుని, దాన్నే రెండుచోట్లా ఎక్కించాలి.

ఈ దారి ఎవరికి పనికిరాదు? వారానికి కనీసం రెండు మూడు వీడియోలు, రెండు మూడు నెలల పాటు తీసే ఓపిక లేనివాళ్లకు. పదో తరగతి ట్యూషన్ అడ్మిషన్లు జూన్‌లో మొదలవుతుంటే మే నెలాఖరున రీల్స్ మొదలుపెట్టడం దండగ. అప్పుడు డబ్బు దారే పట్టాలి.

డబ్బు దారి: బూస్ట్ బటన్, యాడ్స్ మేనేజర్

బూస్ట్ అంటే ఇప్పటికే పెట్టిన పోస్టుని డబ్బు కట్టి ఇంకొందరికి చూపించడం. యాడ్స్ మేనేజర్ అంటే ప్రకటనని వివరంగా అమర్చుకునే పేజీ. రెండింటి వెనకా ఉన్నది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా నడిపే ఒకటే వేలంపాట. ప్రకటన ఎవరికి చూపాలన్నది మనం పెట్టే డబ్బుతో పాటు, చూసినవాళ్లు మనం కోరిన పని చేసే అవకాశం ఎంత, ప్రకటన నాణ్యత ఎంత అన్న లెక్కతో తేలుతుంది. ‘మనం కోరిన పని’ అన్నదే ఇక్కడ కీలకం, బూస్ట్‌లో ఎక్కువ డబ్బు కరిగేదీ ఇక్కడే. బూస్ట్ నొక్కాక లక్ష్యం అడుగుతుంది. ఎక్కువ ఎంగేజ్‌మెంట్ (లైకులు, కామెంట్లు) అని వదిలేస్తే లైక్ కొట్టే అలవాటున్న జనాన్ని వెతికి చూపిస్తుంది. 900 లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు. యంత్రం తప్పేమీ చేయలేదు, అడిగిందే తెచ్చింది. ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకునేవాళ్లు మెసేజీల లక్ష్యం ఎంచుకోవాలి. ఫోన్ కావాలంటే కాల్స్ ఎంచుకోవాలి.

బూస్ట్‌కి ఉన్న బలం తేలికతనం. ఐదు నిమిషాల్లో, ఫోన్‌లోనే అయిపోతుంది. ఇప్పటికే బాగా ఆడిన పోస్టుని, ఉన్న లైకులు కామెంట్లతో సహా, ఇంకొందరికి చూపించడానికి అది చాలు. దసరా ఆఫర్, కొత్త బ్రాంచ్ ప్రారంభం, ఈ ఆదివారం ఉచిత కంటి పరీక్ష లాంటి నాలుగైదు రోజుల పనికి యాడ్స్ మేనేజర్ తెరవడం అనవసర శ్రమ. బాగా ఆడని పోస్టుని బూస్ట్ చేస్తే మాత్రం అది డబ్బుతో కూడా ఆడదు. వారంలో పెట్టిన వాటిలో దేన్ని ఎక్కువమంది ఇతరులకు పంపారో, సేవ్ చేశారో చూసి దానికే డబ్బు పెట్టాలి.

యాడ్స్ మేనేజర్‌లో అదనంగా దొరికేవి: ప్రకటన ఎక్కడ కనిపించాలో ఎంచుకోవడం, పాత కస్టమర్లను మినహాయించడం, ఒకే డబ్బుతో రెండు మూడు వీడియోలను పోటీకి పెట్టడం, మొత్తం బడ్జెట్ పద్ధతిలో ఫలానా గంటల్లోనే నడపడం, లీడ్ ఫారం (ఆసక్తి ఉన్నవాళ్లు పేరు, నంబరు నింపే ఫారం), వెబ్‌సైట్‌లో కొనుగోలును లెక్కించడం. నెలకి 5 వేలు దాటి ఖర్చు పెట్టే ఎవరైనా ఒక ఆదివారం కూర్చుని దీన్ని నేర్చుకోవాలన్నది మా గట్టి సలహా. ఫోన్ తెర మీద ఇది చిరాకు పుట్టిస్తుంది, కంప్యూటర్‌లో తెరవండి.

వాట్సాప్ ఆర్డర్ల కోసం మొదటిసారి పెట్టేవాళ్లకు వరుస ఇది. ప్రచార లక్ష్యం ఎంగేజ్‌మెంట్ అని తీసుకుని, దానిలో మెసేజింగ్ యాప్స్, అందులో వాట్సాప్ ఎంచుకోండి. ఆ కింద పనితీరు లక్ష్యం అడిగిన చోట ‘సంభాషణలు’ ఉండాలి. ‘లింక్ క్లిక్స్’ అని పెడితే బటన్ నొక్కి, వాట్సాప్ తెరుచుకోగానే వెనక్కి పోయేవాళ్లే ఎక్కువగా వస్తారు. బడ్జెట్ రోజువారీగా పెట్టండి, గడువు తేదీ మరిచిపోవద్దు. యాడ్ సెట్ (ఒకే జనానికి, ఒకే బడ్జెట్‌తో చూపించే ప్రకటనల కట్ట) ఒకటే చాలు, అందులో రెండు మూడు వీడియోలు పెట్టండి. ఒక్కో యాడ్ సెట్‌కి వారంలో సుమారు 50 ఫలితాలు వస్తేనే ఎవరికి చూపితే ఫలితం వస్తుందో మెటా కనిపెట్టే ‘నేర్చుకునే దశ’ దాటుతుంది. అంటే రోజుకి ఏడు సంభాషణలు. ఉన్న 250 రూపాయలని నాలుగు యాడ్ సెట్లకు పంచితే ఏ ఒక్కటీ ఆ గీత దాటదు. అదే విధంగా రోజూ బడ్జెట్ భారీగా మార్చడం, ఫొటో మార్చడం, వయసు మార్చడం చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పెట్టాక నాలుగైదు రోజులు చెయ్యి పెట్టకుండా ఉండటం చాలామందికి కష్టమే, అయినా ఉండాలి.

ఎవరికి చూపించాలి అన్న పేజీలో మన ప్రాంతానికి సంబంధించి మూడు గోతులున్నాయి.

మొదటిది భాష. ‘తెలుగు’ అని ఎంచుకుంటే తెలుగు మాట్లాడేవాళ్లంతా వస్తారనుకుంటారు. ఆ గడి చూసేది ప్రధానంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌ని ఏ భాషలో పెట్టుకున్నారన్నది. మన వాళ్లలో చాలామంది ఫోన్ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో అమ్మేటప్పుడు భాష గడి ఖాళీగా వదిలేసి, వీడియోనే తెలుగులో ఉంచండి. తెలుగు రానివాళ్లు రెండు సెకన్లలో దాటేస్తారు, ఆ సంకేతంతో వ్యవస్థ తనే సర్దుకుంటుంది. బెంగళూరు, చెన్నై, ముంబయి తెలుగువాళ్ల కోసం అయితే ‘తెలుగు’ పెట్టి ఒకసారి ప్రయత్నించొచ్చు. జనం తగ్గుతారు గానీ వచ్చేవాళ్లు మనవాళ్లే అవుతారు.

రెండోది ప్రాంతం. మెటా లెక్కలో ఒక ప్రాంతం అంటే అక్కడ నివసించేవాళ్లూ, ఈమధ్య అక్కడ ఉన్నవాళ్లూ. సూర్యాపేట హైవే పక్కన పిన్ గుచ్చితే హైదరాబాద్, విజయవాడ మధ్య తిరిగేవాళ్లు కూడా లెక్కలోకి రావచ్చు. హైవే హోటల్‌కి అది వరం, ఊళ్లోని డెంటల్ క్లినిక్‌కి నష్టం. షాపు మీద పిన్ పెట్టి వృత్తం గీసేటప్పుడు కూకట్‌పల్లి లాంటి చోట 2, 3 కిలోమీటర్లు చాలు. ట్రాఫిక్‌లో ఎవరూ అంతకంటే రారు. తెనాలి లాంటి ఊరికి 10, 15 కిలోమీటర్లు పెట్టి చుట్టుపక్కల పల్లెలను కలపాలి. లేకపోతే జనం చాలక ఒకే మనిషికి ఆరేడు సార్లు అదే ప్రకటన పడుతుంది. ‘ఫ్రీక్వెన్సీ’ అనే గడిలో అంకె వారానికి 3 దాటుతుంటే వృత్తం పెంచండి లేదా వీడియో మార్చండి.

మూడోది విదేశాలు. పచ్చళ్లు, పిండివంటలు అమెరికా పంపేవాళ్లు ఒకే ప్రకటనలో భారత్, అమెరికా రెండూ కలిపి పెడతారు. అమెరికాలో ప్రకటన చూపించడానికయ్యే ఖర్చు మనకంటే చాలా ఎక్కువ కాబట్టి, చౌకగా దొరికే మన దేశంలోనే దాదాపు డబ్బంతా ఖర్చయిపోతుంది. రెండింటికీ వేరు వేరు యాడ్ సెట్లు, వేరు వేరు బడ్జెట్లు ఉండాలి. డల్లాస్‌లో సాయంత్రం ఏడంటే మనకి మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర, అక్కడి చలికాలంలో ఆరున్నర. ఆ వేళకి జవాబు చెప్పే మనిషి లేకపోతే ఆ యాడ్ పెట్టొద్దు. నిజానికి చిన్న బడ్జెట్‌తో అమెరికా తెలుగువాళ్లను చేరడానికి యాడ్ కంటే అక్కడి తెలుగు సంఘాలు, ఊళ్లవారీ గ్రూపులు, అక్కడే ఉండి వంటల వీడియోలు చేసే తెలుగువాళ్లతో పొత్తు చాలా నయం.

ఖర్చు లెక్క. రోజుకి 250 చొప్పున ఏడు రోజులు 1,750 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ 315 కలిపితే 2,065. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు దాన్ని యాడ్ ఖాతా బిల్లింగ్‌లో నమోదు చేసుకోవాలి, లేదంటే ఆ పన్నుని తర్వాత క్లెయిమ్ చేసుకోవడం కష్టం. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేసేవాళ్లు చెల్లింపు తెరని జాగ్రత్తగా చదవాలి. యాపిల్ 30 శాతం సర్వీసు ఫీజు వేసే పద్ధతి 2024లో మొదలైంది. ఆ లైను కనిపిస్తే వెనక్కి వచ్చి బ్రౌజర్‌లో లాగిన్ అయి అక్కడి నుంచి బూస్ట్ చేస్తే ఆ ఫీజు పడదు. కార్డు ఆటోపే మధ్యలో ఫెయిలై యాడ్ ఆగిపోవడం మన దగ్గర మామూలే. యూపీఐతో ముందుగా డబ్బు వేసుకునే పద్ధతిలో ఆ బెడద లేదు, వేసినదానికంటే ఎక్కువ పోయే భయమూ లేదు.

ఆ 2,065 రూపాయలకి 60 సంభాషణలు, వాటిలోంచి 9 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఒక్కో ఆర్డర్‌కి ప్రకటన ఖర్చు 229. కిలో పచ్చడి మీద మిగిలేది 200 అయితే ఆర్డర్‌కి 29 నష్టం. ఈ లెక్క చూసి యాడ్ ఆపేయాలా? పచ్చళ్లు మళ్లీ మళ్లీ కొనే సరుకు. తొమ్మిదిమందిలో ముగ్గురు మూడు నెలల్లో ఇంకోసారి కొంటే ఆ 600తో నష్టం పూడి కొంచెం మిగులుతుంది కూడా. పెళ్లి ఆల్బమ్‌ల లాంటి ఒకసారి కొనే సరుకుకి ఈ ఓదార్పు లేదు, మొదటి ఆర్డర్‌లోనే గిట్టాలి. కాబట్టి వ్యూస్‌కి ఎంత పడింది అని కాక, ఆర్డర్‌కి ఎంత పడింది అని చూడండి. ఆ అంకె యాడ్స్ మేనేజర్‌లో కనిపించదు, ఆర్డర్ల పుస్తకంలోంచే తీయాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ‘యాడ్ నుంచి’ అని ఒక లేబుల్ పెట్టుకుంటే నెలాఖరుకి లెక్కపెట్టడం తేలిక.

ప్రకటన బాగున్నా 60 సంభాషణల్లో 9 మాత్రమే ఆర్డర్లు కావడానికి కారణం చాలాసార్లు మన జవాబే. ‘ధర ఎంత’ అని అడిగినవాళ్లకు రెండు గంటల తర్వాత ‘హాయ్ అండీ’ అని పంపితే వాళ్లు అప్పటికే ఇంకో చోట కొనేసి ఉంటారు. ధరల జాబితా, కొరియర్ ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, డబ్బు ఎలా పంపాలి అన్న నాలుగింటినీ క్విక్ రిప్లైలుగా రాసి ఉంచండి. అసలు ధర వీడియోలోనే చెప్పేస్తే ఉత్తుత్తి అడిగేవాళ్లు తగ్గి సంభాషణ ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది, ఆర్డర్ ఖర్చు మాత్రం తగ్గుతుంది.

ఊరి పేజీ, ఇన్‌ఫ్లుయెన్సర్

విజయవాడ, వరంగల్, రాజమండ్రి వంటి ప్రతి ఊరికీ తినుబండారాలు, విశేషాలు చూపించే పేజీలున్నాయి. ఆ ఊరి జనమే వాటిని చూస్తారు కాబట్టి హోటల్, బట్టల షాపు, ఈవెంట్‌కి ఇది యాడ్ కంటే బాగా పనిచేసే సందర్భాలు ఉన్నాయి. ధర మాట్లాడే ముందు ఫాలోవర్ల సంఖ్య పక్కనపెట్టి మూడింటికి స్క్రీన్ రికార్డింగ్ అడగండి. స్క్రీన్‌షాట్‌ని మార్చడం తేలిక, రికార్డింగ్‌ని మార్చడం కష్టం. గత 30 రోజుల్లో చేరిన ఖాతాలు, టాప్ నగరాలు, వయసుల విభజన కనిపించాలి. రాజమండ్రి పేజీకి టాప్ నగరం హైదరాబాద్ అయితే మీ టిఫిన్ సెంటర్‌కి అది అనవసరం. చివరి 12 రీల్స్ వ్యూస్ వరుసగా రాసి, మధ్యలో పడే అంకెని చూడండి. వాళ్లు చూపించే 10 లక్షల వ్యూస్ వీడియో ఏడాదికి ఒకసారి తగిలేది. కామెంట్లలో నిప్పు గుర్తులు, ‘సూపర్ బ్రో’లు తప్ప ‘ఇది ఎక్కడ, పార్కింగ్ ఉందా’ లాంటి ప్రశ్నలు లేకపోతే ఆ జనం కొనే జనం కాదు.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి: పోస్టు ‘కొలాబ్’గా రావాలి. అప్పుడే అది రెండు ఖాతాల్లోనూ కనిపించి, లైకులు, వ్యూస్ ఒకేచోట చేరతాయి. ఎన్ని నెలలు తీసేయకూడదు, స్టోరీలో లొకేషన్ లింక్ ఎన్నిసార్లు, వీడియోని మన యాడ్‌గా వాడుకోవడానికి అనుమతి ఉందా అన్నవీ రాయించాలి. ఈ చివరిది చాలామంది అడగరు. బాగా ఆడిన ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియోకి వాళ్ల పేరుతోనే పార్ట్‌నర్‌షిప్ యాడ్‌గా రోజుకి 200 పెడితే మనం తీసిన యాడ్ కంటే బాగా నడుస్తుంది. డబ్బు సగం ముందు, సగం పోస్టు పడ్డాక.

డబ్బిచ్చినా, ఉచితంగా సరుకు ఇచ్చినా అది ప్రకటన అని పోస్టులో స్పష్టంగా చెప్పాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతాయి. ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ లేబుల్ పెడితే రీచ్ (పోస్టు చేరే జనం) పడిపోతుందని కొందరు వద్దంటారు. ఆ మాట విని చిక్కుల్లో పడొద్దు.

వాట్సాప్: కొత్తవాళ్లను తేదు, ఉన్నవాళ్లను నిలుపుతుంది

బ్రాడ్‌కాస్ట్ జాబితాకి 256 మంది వరకు. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. పార్శిల్ డబ్బాలో ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త స్టాకు ముందు మీకే చెబుతాం’ అని చీటీ పెట్టడం అందుకే. ఛానెల్‌కి ఆ పరిమితి లేదు, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు, కానీ దానిలోకి జనం వాళ్లంతట వాళ్లు లింక్ నొక్కి రావాలి. ఎవరో అమ్మే ‘లక్ష నంబర్ల డేటా’ కొని బల్క్ సాఫ్ట్‌వేర్‌తో పంపితే రిపోర్టులు పడి నంబరే బ్లాక్ అవుతుంది. వ్యాపారం మొత్తం ఆ నంబరు మీదే ఉన్నప్పుడు అది మామూలు దెబ్బ కాదు.

హ్యాష్‌ట్యాగులను ఒకప్పుడు 30 చొప్పున అతికించేవాళ్లు. ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే మూడు నుంచి ఐదు చాలని సూచించింది. హ్యాష్‌ట్యాగ్‌ని ఫాలో అయ్యే వీలు 2024 డిసెంబరులో తీసేసింది. ఊరు, సరుకు, సందర్భం, మూడు పెట్టి వదిలేయండి. ‘జై బాలయ్య అని కామెంట్ చేయండి’, ‘ముగ్గురిని ట్యాగ్ చేయండి’ లాంటి పోస్టుల రీచ్‌ని ఫేస్‌బుక్ 2017 చివరి నుంచి తగ్గిస్తోంది. కొన్న ఫాలోవర్లు చేసే హాని ఇంకా లోతైనది. వాళ్లు వీడియో చూడరు. మనవాళ్లే చూడనిదాన్ని కొత్తవాళ్లకు ఎందుకు చూపాలని వ్యవస్థ ఆగిపోతుంది. ఆ ఖాతాని బాగుచేయడం కంటే కొత్తది తెరవడం తేలిక.

ఎవరికి ఏది

టిఫిన్ సెంటర్, సెలూన్, క్లినిక్: ముందు గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ సరిగ్గా ఉందో చూసుకుని, ఫొటోలు, వేళలు పెట్టి, నెలకి ఒక ఊరి పేజీతో కొలాబ్, దాని మీద చిన్న వృత్తంలో బూస్ట్. యాడ్స్ మేనేజర్ అక్కర్లేదు. ట్యూషన్, కోచింగ్: అడ్మిషన్లకు ఆరు వారాల ముందు నుంచి లీడ్ ఫారం యాడ్, వచ్చిన నంబరుకి ఆ రోజే ఫోన్. లీడ్ ఫారంలో ‘ఏ తరగతి, ఏ ఏరియా’ అని రెండు ప్రశ్నలు అదనంగా పెట్టకపోతే పొరపాటున నొక్కినవాళ్ల నంబర్లతో పుస్తకం నిండుతుంది. చీరలు, పచ్చళ్లు: వారానికి మూడు రీల్స్, వాటిలో నెగ్గినదానికి వాట్సాప్ యాడ్, కొన్నవాళ్లకి ఛానెల్. అప్పుడే మొదలుపెట్టి చేతిలో డబ్బు లేనివాళ్లు తొలి రెండు నెలలు రీల్స్‌కే పరిమితమవడం మేలు. ఏ వీడియో ఆడుతుందో తెలియకుండా పెట్టే ప్రతి రూపాయీ ఊహే. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో ట్రయల్ రీల్స్ వస్తే వాడుకోండి. ఫాలోవర్లకు చూపించకుండా ముందు కొత్తవాళ్ల మీద పరీక్షించుకోవచ్చు.

యాడ్ రిజెక్ట్ కావడానికి మన దగ్గర తరచూ కనిపించే కారణాలు రెండు. వీడియో వెనక సినిమా పాట ఉంటే బూస్ట్ చేయనివ్వదు. వ్యాపార వీడియోని మొదటి నుంచే మెటా సౌండ్ కలెక్షన్ సంగీతంతోనో, సొంత గొంతుతోనో తీయాలి. ప్రారంభోత్సవానికి వచ్చిన ఎమ్మెల్యే ఫొటో, పండగ శుభాకాంక్షల పోస్టర్‌లో నాయకుల బొమ్మలు ఉంటే రాజకీయ ప్రకటనగా లెక్కించి ఆపేయవచ్చు. ఆ కోవలోవి నడపాలంటే గుర్తింపు ధ్రువీకరణ, డిస్‌క్లైమర్ కావాలి. బొమ్మ తీసేసి మళ్లీ పెట్టడమే తేలిక. యాడ్ మొదలైన రోజుల్లో ‘మీ పేజీ నిబంధనలు ఉల్లంఘించింది, 24 గంటల్లో మూతపడుతుంది, ఇక్కడ లాగిన్ అవ్వండి’ అని మెసెంజర్‌లో వచ్చే హెచ్చరికలు దొంగలవి. అసలు నోటీసు ఏదైనా ఖాతాలోని బిజినెస్ సపోర్ట్ హోమ్ (పాత పేరు అకౌంట్ క్వాలిటీ) పేజీలో కనిపిస్తుంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, పేజీకి ఇంట్లో ఇంకొకరిని కూడా పూర్తి అధికారంతో చేర్చి ఉంచండి.

స్టాకు అయిపోతే యాడ్‌ని డిలీట్ చేయకుండా ఆఫ్ చేసి ఉంచండి, లైకులు కామెంట్లు అలాగే ఉంటాయి. ఏడు రోజుల లోపు మళ్లీ ఆన్ చేస్తే నేర్చుకున్నది పోదు. అంతకంటే ఎక్కువ రోజులు ఆగితే నేర్చుకునే దశ మళ్లీ మొదలవుతుంది కాబట్టి, మామిడికాయల లోడు ఎప్పుడొస్తుందో ఖాయమయ్యాకే ఆన్ చేసే తేదీ వేసుకోవాలి.